ఆరుబయట గుర్రం, రౌతు ఫోటోలు బాగా రావాలంటే

కర్నూలు, అనంతపురం, కడప వైపు గుర్రాలు పెంచేవాళ్లు, పెళ్లి ఫోటోలు తీసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు కొన్నే. గుర్రం కంటికి నిండుగా కనిపిస్తుంది, ఫోటోలో మాత్రం తల పెద్దదై కాళ్లు పొట్టివై వస్తాయి, ఎందుకు? రౌతు మొహం ఎందుకు నల్లబడుతుంది? తెల్ల గుర్రం సున్నం కొట్టిన గోడలా ఎందుకు తేలిపోతుంది? దౌడు తీసే గుర్రాన్ని పడితే కాళ్లు ఎందుకు చిక్కుపడినట్టు ఉంటాయి? ఈ నాలుగింటికీ కొత్త కెమెరా కొననక్కర్లేదు. ఎంత దూరంలో నిలబడ్డారు, ఏ వేళకు తీశారు, గుర్రాన్ని ఏ నేల మీద నిలబెట్టారు అన్నవి సరిచేసుకుంటే చాలావరకు కుదురుకుంటుంది.

కావలసినవి

- కెమెరా ఉంటే 70–200 లేదా 55–250 మి.మీ. జూమ్ లెన్స్. ఫోన్ అయితే 2 రెట్లు లేదా 3 రెట్ల లెన్స్ విడిగా ఉన్నది.
- గుర్రాన్ని రోజూ చూసుకునే సాయిసు. ఇంకెవరు పట్టుకున్నా గుర్రం అంత నెమ్మదిగా నిలబడదు.
- చెవులు నిక్కేలా చేయడానికి ఇంకో మనిషి, అతని చేతిలో గుప్పెడు ఉలవలు వేసిన చిన్న స్టీలు డబ్బా.
- బ్రష్, జూలు దువ్వే దువ్వెన, రెండు తడి గుడ్డలు, ఒక పొడి గుడ్డ, బకెట్ నీళ్లు.
- శుభ్రమైన తోలు కళ్ళెం. పచ్చ, నీలం నైలాన్ మోకు మెడకుంటే ఫోటోలో మొదట కంటికి తగిలేది అదే.
- రౌతుకు హెల్మెట్, కొద్దిగా మడమ ఉన్న బూట్లు.

ఫ్లాష్ తేవద్దు, డ్రోన్ అసలే వద్దు. రెండూ గుర్రాన్ని బెదరగొడతాయి. పైన రౌతు ఉన్నప్పుడు గుర్రం బెదిరితే జరిగేది ఫోటో చెడిపోవడం ఒక్కటే కాదు.

1. వేళ చూసుకోండి

నీడతో కొలవడం అన్నిటికంటే తేలిక. ఎండలో నిలబడి మీ నీడ చూడండి. పొద్దున అది మీ ఎత్తుకు రెండింతలు గానీ అంతకంటే పొడుగ్గా గానీ ఉంటే వెలుగు బాగుంది, మొదలుపెట్టండి. ఎత్తుతో సమానమైందంటే ముగించే వేళ అయింది. అంతకంటే పొట్టిదైతే కెమెరా సంచిలో పెట్టేయండి. పొద్దు నడినెత్తికి వచ్చాక గుర్రం వీపు తెల్లగా మెరుస్తుంది, పొట్ట కింద చీకటి కమ్ముతుంది, రౌతు కళ్లు టోపీ నీడలో మునిగిపోతాయి.

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. ఏప్రిల్ చివర, మే మొదటి వారంలోనూ, ఆగస్టు రెండో వారం అటూఇటూగానూ సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీదికి వస్తాడు. ఆ రోజుల్లో పొద్దున 8 దాటకముందే పని అయిపోవాలి. కర్నూలులో సూర్యోదయం జనవరిలో సుమారు 6:45కి, జూన్ మొదట్లో సుమారు 5:45కి. పొద్దు పొడిచిన 20 నిమిషాల నుంచి గంటన్నర దాకా అన్నిటికంటే మంచి సమయం. సాయంత్రం కూడా అంతే గానీ, వేసవిలో పొద్దంతా కాగిన నేల సాయంత్రం 5కి కూడా సెగ కక్కుతుంది, గుర్రం చికాకుగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున వేళే మేలు.

మబ్బు పట్టిన రోజును వదులుకోవద్దు. నల్ల గుర్రానికీ, తలపాగా చుట్టిన పెళ్లికొడుక్కీ పల్చటి మబ్బు వెలుగు చక్కగా కుదురుతుంది. అలాంటప్పుడు ఆకాశం మాత్రం ఫ్రేమ్‌లోకి ఎక్కువ రానివ్వకండి. బూడిదరంగు ఆకాశం వల్ల ఫోటో చప్పబడుతుంది.

2. నేల, వెనక ఏముందో చూడండి

నేల రంగు గుర్రం మీద పడుతుంది. అనంతపురం ఎర్ర నేలలో ఎండ నేలకు తగిలి పైకి లేచి తెల్ల గుర్రం పొట్టకు, కాళ్ల లోపలివైపుకు నారింజ రంగు పులుముతుంది. ఎర్ర గుర్రానికి అదే అందం, తెల్లదానికి మరక. కోవెలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడిలో దీనికి ఎదురు: నేల వెలుగును మింగేస్తుంది, పొట్ట కింద ఏమీ కనిపించదు. తెల్ల గుర్రాన్ని ఎండిన గడ్డి ఉన్న బీడులో నిలబెట్టండి. నల్ల గుర్రాన్ని లేత రంగు నేల మీద, అంటే వంకలో ఇసుక మీదో కోసిన చేలోనో నిలబెట్టండి.

కడప బండలు పరిచిన వాకిళ్లు, కల్యాణమండపం ఆవరణలు శుభ్రంగా కనిపించినా గుర్రానికి మంచివి కావు. నాడాలు కొట్టిన గిట్టలు నున్నటి బండ మీద జారతాయి, తడి బండ మీద మరీ. అక్కడ తీయక తప్పకపోతే గుర్రాన్ని నిలబెట్టే తీయండి, నడిపించవద్దు. బీడులోనైతే ముందు మీరే నడిచి కంప చూసుకోండి. సర్కారు తుమ్మ ముల్లు గిట్ట అడుగున మెత్తటి భాగంలో దిగితే గుర్రం రోజుల తరబడి కుంటుతుంది.

గండికోటలో లోయ అంచున గుర్రాన్ని నిలబెట్టి తీయాలని చాలామందికి కోరిక. అంచు దగ్గరికి తీసుకుపోవద్దు. బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, గుర్రం ఒక్క అడుగు వెనక్కి వేస్తే పట్టుకునేవాడు ఆపలేడు. అంచుకు బాగా ఇవతల నిలబెట్టి, మీరు ఇంకా దూరం జరిగి పెద్ద జూమ్‌తో తీస్తే వెనక లోయ గోడలు దగ్గరికొచ్చినట్టే కనిపిస్తాయి. పురావస్తు శాఖ చేతిలో ఉన్న కోటల్లో గుర్రంతో, ట్రైపాడ్‌తో వెళ్లాలంటే ముందే అనుమతి అడగండి.

వెనక ఏముందో రౌతు తల చుట్టూ ఒకసారి చూపు తిప్పి చూడండి. కరెంటు తీగ మెడ మీదుగా పోతోందా? స్తంభం తలలోంచి మొలిచిందా? అనంతపురం గుట్టల మీద గాలిమరలు దూరం నుంచి బాగుంటాయి గానీ రెక్క సరిగ్గా రౌతు నెత్తిన నిలబడితే ఆ ఫోటో పోయినట్టే. దగ్గర్లో మర ఉంటే దాని రెక్కల నీడ నేల మీద కదులుతుంది, అలవాటులేని గుర్రం దానికి ఉలిక్కిపడుతుంది. రెండడుగులు పక్కకు జరిగితే ఈ తప్పులు చాలావరకు పోతాయి.

3. గుర్రాన్ని సిద్ధం చేయండి

జీను లేని ఫోటోలు ముందు, జీనుతో తర్వాత. ఈ వరస తప్పితే జీను తీశాక వీపు మీద చెమట మచ్చ కనిపిస్తుంది, అది ఆరి దులిపేలోగా వెలుగు పోతుంది.

దుమ్ము దులిపి, కళ్ల మూలలు ఒక గుడ్డతో, ముక్కుపుటాలు ఇంకో గుడ్డతో తుడవండి. జూలంతా మెడకు ఒకే పక్కకు దువ్వండి. పంచకళ్యాణి (నాలుగు కాళ్లూ మొహమూ తెల్లగా ఉన్న గుర్రం) అయితే నాలుగు కాళ్ల తెలుపూ కడిగి ఆరబెట్టండి. ఆ గుర్రం విలువ చెప్పేదే ఆ తెలుపు, కాబట్టి గిట్టలు మునిగే గడ్డిలో నిలబెట్టకండి. గిట్టలకు కొబ్బరినూనె రాసేవాళ్లు సరిగ్గా ఫోటోకు ముందు రాయండి. అరగంట ముందు రాస్తే దుమ్మంతా అంటుకుని మొదటికంటే అధ్వానంగా కనిపిస్తాయి.

4. వెనక్కి జరగండి

అందరూ చేసే తప్పు ఇక్కడే. గుర్రానికి రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి ఫోన్‌లో మామూలు లెన్స్‌తో తీస్తారు. దగ్గర ఉన్న భాగం పెద్దగా, దూరం ఉన్నది చిన్నగా వస్తుంది. తలవైపు నిలబడితే తల, తుంటివైపు నిలబడితే తుంటి. లెన్స్ మంచిదా కాదా అన్నదానితో దీనికి సంబంధం లేదు, దూరమే కారణం.

పన్నెండు పెద్ద అంగలు, అంటే సుమారు 10 మీటర్లు వెనక్కి పోండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 100 మి.మీ. దగ్గర పెడితే ఆ దూరం నుంచి 3.6 మీటర్ల వెడల్పు పడుతుంది. గుర్రం మొత్తం పట్టి, ముందూ వెనకా కాస్త చోటు మిగులుతుంది. చిన్న సెన్సర్ కెమెరాలో 65–70 మి.మీ. సరిపోతుంది. ఫోన్‌లో 3 రెట్ల లెన్స్ నొక్కండి. 2 రెట్లే ఉంటే అదే దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించండి, ముందుకు మాత్రం జరగకండి.

లెన్స్ గుర్రం పొట్ట మధ్య ఎత్తులో ఉండాలి. ఒక మోకాలు నేలకు ఆనిస్తే సరిగ్గా ఆ ఎత్తు వస్తుంది. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్లు పొట్టివవుతాయి. నేల మీద పడుకుని తీస్తే కాళ్లు లేనంత పొడుగవుతాయి. అమ్మకానికి పెట్టే గుర్రాన్ని అలా తీస్తే, కొనవచ్చినవాడు గుర్రాన్ని చూడగానే మోసపోయాననుకుంటాడు. మోకాలి మీద కూర్చోవడం గుర్రం నిలబడి, సాయిసు చేతిలో ఉన్నప్పుడే. కదులుతున్న గుర్రానికి ఎదురుగా ఎప్పుడూ కూర్చోవద్దు.

5. పక్క నుంచి నిలువు ఫోటో

గుర్రాన్ని ఎరిగినవాళ్లు ఫోటోలో మొదట చూసేది కాళ్లే. కాబట్టి ఈ అడుగుకు తొందరపడొద్దు.

పొద్దు మీ భుజం వెనక ఉండాలి. ముందుకాలు మోచేతికి కాస్త వెనక, జీను పట్టీ వచ్చే చోటుకు సూటిగా ఎదురుగా నిలబడండి. మీవైపున్న ముందుకాలు నిటారుగా ఉండాలి, అవతలి ముందుకాలు బెత్తెడు వెనక్కి. వెనక కాళ్లలో మీవైపుది కాస్త వెనక్కి, అవతలిది కాస్త ముందుకు. అప్పుడు నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపిస్తాయి, అవతలి రెండూ ఇవతలి రెంటి మధ్య ఉంటాయి. కాలు చేత్తో లాగి పెట్టొద్దు. సాయిసుతో గుర్రాన్ని ఒక అడుగు ముందుకు వేయించి, మళ్లీ అర అడుగు వెనక్కి నెట్టిస్తే దానంతటదే కుదురుకుంటుంది. మూడు నాలుగుసార్లు చేయాల్సి వస్తుంది, ఓపిక పట్టండి.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెత ఫోటోల్లో అక్షరాలా కనిపిస్తుంది. నిలబెట్టి నాలుగు నిమిషాలు గడిస్తే గుర్రం ఒక వెనక కాలు సడలించి గిట్ట కొన మీద ఆనిస్తుంది. తుంటి ఒక పక్కకు వాలుతుంది, కుంటిదానిలా కనిపిస్తుంది. అది విశ్రాంతే గానీ జబ్బు కాదు. చిన్న గుండ్రం తిప్పి మళ్లీ నిలబెట్టండి.

కాళ్లు కుదిరాకే చెవుల సంగతి. రెండో మనిషి గుర్రం చూపు పోయే వైపు పది పదిహేను మీటర్ల దూరంలో నిలబడి ఉలవల డబ్బా ఒక్కసారి ఆడించాలి. చెవులు నిక్కిన ఆ రెండు మూడు క్షణాల్లో ఆపకుండా వరసగా నొక్కండి. డబ్బా అదేపనిగా ఆడిస్తే నాలుగోసారికి గుర్రం పట్టించుకోదు. అప్పుడు ప్లాస్టిక్ కవరు నలపడం, ఫోన్‌లో గుర్రం సకిలింపు వినిపించడం లాంటివి ఒక్కొక్కటే వాడండి. చివర్లో ఆ ఉలవలు దానికి పెట్టండి, లేకపోతే మర్నాడు డబ్బా పని చేయదు. మార్వాడీ గుర్రమైతే చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకేలా ఉంటాయి. ఆ జాతి గుర్తే అది. పక్క నుంచి తీసింది కాక, ఎదురు నుంచి కాస్త పక్కగా ఇంకొకటి తీస్తే ఆ వంపు తెలుస్తుంది.

సాయిసు పగ్గం చేతికి చుట్టుకోకుండా పట్టుకోవాలి. ఎవరూ గుర్రం వెనక నాలుగు మీటర్లలోపు నిలబడవద్దు.

6. రౌతును కూర్చోబెట్టండి

భుజాలు వదులుగా, వెన్ను నిటారుగా, చూపు గుర్రం చెవుల మధ్య నుంచి దూరానికి. రికాబులో పాదం ముందు భాగం మాత్రమే ఉండాలి, మడమ కిందికి దిగాలి. పగ్గాలు మెలి పడకూడదు. ఇవి ఫోటోలో చాలా తేలిగ్గా పట్టుబడతాయి.

టోపీ, హెల్మెట్, తలపాగా ఏదున్నా కళ్ల మీద నీడ పడుతుంది. గడ్డం రెండు వేళ్ల మందం పైకెత్తమని చెప్పండి, మొహం పొద్దు వైపు కొద్దిగా తిప్పించండి. పొద్దు తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. థర్మాకోల్ అట్ట పట్టుకుని వెలుగు కొట్టించడం గుర్రం దగ్గర ప్రమాదం. గాలికి అది ఊగినా, కిర్రుమన్నా గుర్రం అదిరిపోతుంది.

పెళ్లికొడుకు చాలావరకు గుర్రమెక్కడం అదే మొదటిసారి. అతనికి పాఠాలు చెప్పకండి. సాయిసు పగ్గం పట్టుకునే ఉండాలి, అతను ఫ్రేమ్‌లోకి వస్తే రానివ్వండి. బ్యాండు, టపాసులు మొదలుకాకముందే ఫోటోలు ముగించండి. గుర్రం మెడలో వేసిన బంతిపూల దండను అది తినేయకముందే ఒకటి తీసి పెట్టుకోండి.

7. కెమెరా సెట్టింగులు

నిలబడిన గుర్రానికి షట్టర్ 1/500 సెకను, లెన్స్ రంధ్రం ఎఫ్/5.6. గుర్రం మొహం, రౌతు రెండూ స్పష్టంగా కావాలంటే ఎఫ్/8. నడకకు 1/500 నుంచి 1/800, ట్రాట్‌కు (నడక కంటే వేగమైన చిన్న పరుగు) 1/1000, క్యాంటర్‌కూ (ట్రాట్ కంటే వేగం, దౌడు కంటే నెమ్మది) దౌడుకూ 1/1600 నుంచి 1/2000. ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) ఆటోలో పెట్టి పై హద్దు 3200 చేయండి. కాస్త గరుకు వచ్చినా పర్వాలేదు, చెదిరిన ఫోటోను మాత్రం ఏమీ చేయలేరు. ఫోకస్ కదిలే వస్తువులకు ఉండే నిరంతర ఫోకస్‌లో ఉండాలి. జంతువుల కంటిని పట్టే వసతి ఉంటే వాడండి. రౌతు ఉన్నప్పుడు అది ఒకసారి గుర్రం కన్ను, ఒకసారి మనిషి కన్ను పడుతూ తడబడితే, ఆపేసి గుర్రం భుజం మీద ఒక చిన్న చోటు పెట్టుకోండి.

తెలుపు, నలుపు గుర్రాల దగ్గర కెమెరా మోసపోతుంది. ఫ్రేమంతా తెల్ల గుర్రమే ఉంటే దాన్ని బూడిదరంగు చేస్తుంది. వెలుగు సవరణ +0.7 ఇవ్వండి. అదే తెల్ల గుర్రం నల్లటి గుట్ట ముందు చిన్నగా ఉంటే కెమెరా గుట్టను చూసి వెలుగు పెంచుతుంది, గుర్రం తేలిపోతుంది; అప్పుడు –0.7 కావాలి. నల్ల గుర్రం ఫ్రేమ్ నిండితే –0.7. అంకెలను గుడ్డిగా నమ్మకుండా, తెల్లబడిన చోట్లు మినుకుమినుకుమని చూపే హెచ్చరిక పెట్టుకోండి. గుర్రం ఒంటి మీద ఎక్కడైనా మినుకుమంటే తగ్గించండి. రా ఫైల్ (కెమెరా కుదించకుండా ఉంచే ఫోటో) తీసే వీలుంటే తీయండి.

ఫోన్‌లో: గుర్రం మెడ మీద వేలు కాసేపు నొక్కిపట్టి ఫోకస్ బిగించండి, తెల్ల గుర్రం బూడిదరంగుగా కనిపిస్తే వెలుగు కాస్త పైకి, తేలిపోతుంటే కిందికి లాగండి. పోర్ట్రెయిట్ మోడ్ వాడొద్దు. పగ్గాలు, జూలు వెంట్రుకలు, చెవి కొనలు కోసేసినట్టు మసకబారుతాయి.

8. కదిలే గుర్రం

గుర్రం మీ ముందు నుంచి అడ్డంగా పోవాలి, మీ మీదికి రాకూడదు. దారికి పదిహేను మీటర్లు ఎడంగా నిలబడండి.

ట్రాట్‌లో ఒక పక్క ముందుకాలు, అవతలి పక్క వెనక కాలు జతగా కదులుతాయి. మీవైపు ముందుకాలు బాగా ముందుకు చాచిన క్షణం అందంగా ఉంటుంది. క్యాంటర్‌లో గుర్రం ముందు భాగం పైకి లేచి, ముందుకాలు చాచినప్పుడు నొక్కాలి. బరువంతా ఒక్క ముందుకాలు మీద పడిన క్షణంలో తీస్తే గుర్రం ముందుకు బోర్లా పడబోతున్నట్టు ఉంటుంది. చిక్కుపడిన కాళ్ల ఫోటోల్లో చాలావరకు ఇవే. దౌడులో నాలుగు కాళ్లూ గాల్లో చాచి ఉన్న ఫోటో కావాలని అడుగుతుంటారు. అది రాదు. దౌడులో నాలుగు కాళ్లూ నేల వదిలేది అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడే. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి తీసి దీన్ని తేల్చాడు. అంతకుముందు చిత్రకారులు గీసిన చాచిన కాళ్లు ఊహే.

వరస షాట్లు పెట్టినా అడుగుల లయ వినండి. రెండు మూడు సార్లు తీయకుండా చూస్తే ఎప్పుడు నొక్కాలో చేతికి తెలుస్తుంది.

వెనకంతా గీతలుగా పారిపోయి గుర్రం మాత్రం నిలిచేలా కావాలంటే షట్టర్ 1/60. నడుం దగ్గర నుంచి తిరుగుతూ గుర్రాన్ని వెంబడించండి, నొక్కాక కూడా తిరగడం ఆపకండి. ఆగిపోవడం వల్లే ఎక్కువ చెడతాయి. తల స్పష్టంగా, కాళ్లు కాస్త చెదిరి ఉంటే కుదిరినట్టు. ఇరవైలో ఒకటి బాగా వచ్చినా మంచిదే. గుర్రం అలిసిపోతోందేమో చూసుకోండి. మూడు నాలుగు పరుగుల తర్వాత నడిపించి, నీళ్లు పెట్టాలి.

9. అక్కడే సరిచూసుకోండి

ఎండలో తెర మసకగా కనిపిస్తుంది, అది చూసి వెలుగు పెంచేయకండి. నీడలోకి వెళ్లి గుర్రం కన్ను దాకా పెద్దది చేసి చూడండి. కంటిలో వెలుగు చుక్క, రెప్ప వెంట్రుకలు విడిగా కనిపించాలి. తర్వాత చెవులు: రెండూ ముందుకే ఉన్నాయా? ఒకటి వెనక్కి తిరిగినా గుర్రం చిరాకుగా ఉన్నట్టనిపిస్తుంది. తర్వాత నాలుగు గిట్టలు: గడ్డిలో, ఫ్రేమ్ అంచులో ఏదీ తెగిపోలేదు కదా? చివరికి ఫోటోను బొటనవేలి గోరంత చిన్నది చేసి చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడు కూడా గుర్రం ఆకారం వెనకున్న గుట్ట నుంచి విడిగా తెలిస్తే పర్వాలేదు. కలిసిపోతే చోటు మార్చి మళ్లీ తీయాలి. సాయిసుకు చూపించడం మరవద్దు. మీ కంటికి ఆనని కాలి తప్పు అతనికి వెంటనే ఆనుతుంది.

ఇంటికి వచ్చాక దిగంతం సమం చేయండి. కత్తిరించేటప్పుడు గుర్రం చూసేవైపు ఎక్కువ చోటు వదలండి, కీలు దగ్గర కాళ్లు తెగనివ్వకండి. తెల్ల గుర్రం పొట్ట కింద ఎర్ర నేల రంగు కనిపిస్తే ఆ భాగానికి మాత్రమే నారింజ, పసుపు రంగుల గాఢత తగ్గించండి. ఫోటో అంతటికీ తగ్గిస్తే రౌతు మొహం పాలిపోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, జూలు వెంట్రుకలు ముద్దగా మారతాయి.